పుట్టింటి పుంజు, తెల్లబడిన గుడ్లు

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరు. పెరట్లో పది గ్రామప్రియ పెట్టలు, నాలుగు నాటు పెట్టలు ఉన్నాయి. కిందటి సంక్రాంతికి పుట్టింటికి వెళ్తే మా నాన్న ఒక డేగ పుంజుని ఇచ్చారు. పాత పుంజుని తీసేసి దాన్నే ఉంచాం. బాగా బ్రౌన్‌గా ఉన్న గుడ్లు ఏరి పొదగేశాను. ఆ పిల్లల్లో ఏడు పెట్టలు ఇప్పుడు గుడ్లకొచ్చాయి. రెండే బ్రౌన్ పెడుతున్నాయి. నాలుగు మీగడ రంగు. ఒకటి దాదాపు తెలుపు! గుడ్డు పదిహేను రూపాయలకి అమ్ముతాను. రోజూ తీసుకునే మాస్టారు గారు ‘ఫారం గుడ్లు కలుపుతున్నావా అమ్మా’ అన్నారు. రెండు రోజులు అన్నం సయించలేదు. మా అత్తగారేమో ‘నీ పుట్టింటి పుంజు అడుగుపెట్టాకే గుడ్లు తెల్లబడ్డాయి’ అంటున్నారు. పాత పెట్టల్లో కూడా రెండు ఈ మధ్య లేత రంగువి పెడుతున్నాయి మరి. మా ఆయన మేత మార్చమంటున్నారు. ఇంతలో టెక్సస్‌లో ఉన్న మా చెల్లి వాళ్ల పెరటి కోడి పెట్టిందంటూ నీలం గుడ్డు ఫోటో పంపింది. అది నిజమేనా? అలాంటి కోళ్లు మనమూ తెచ్చుకోవచ్చా? ఇంతకీ పుంజుని అమ్మేయాలా?
– పేరు రాయొద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి మాట తేల్చేద్దాం. మిగతాదంతా దాని వెనకే వస్తుంది. ఆవిడ చెప్పింది సగం నిజం. గొడవంతా ఏ సగం అన్న దగ్గరే.

గుడ్డు పెంకు పూర్తిగా పెట్ట ఒంట్లో తయారయ్యేది. పచ్చసొన అండాశయం నుంచి జారుతుంది, దాని చుట్టూ తెల్లసొన చేరుతుంది, పలచటి పొరలు కట్టుకుంటాయి, చివరికి పెంకు కట్టే సంచిలోకి వెళ్తుంది. అక్కడ దాదాపు 20 గంటలు ఉంటుంది. సున్నం పొర మీద పొరగా పేరుకునేదీ, రంగు పడేదీ అక్కడే. పుంజు పని అంతకు చాలా ముందే, పచ్చసొన జారిన తొలి నిమిషాల్లోనే అయిపోతుంది. పెంకు కట్టే చోట పుంజుకి ఏ ప్రమేయమూ లేదు. మీ చుట్టుపక్కల ఫారాల్లో లక్షల పెట్టలు పుట్టాక ఒక్క పుంజు మొహమైనా చూడకుండా గుడ్లు పెడుతున్నాయి కదా. కాబట్టి మీ పాత పెట్టలు రెండూ లేత గుడ్లు పెట్టడానికీ డేగ పుంజుకీ సంబంధం లేదు. దాని సంగతి వేరే ఉంది, తర్వాత చెబుతాను.

ఏడు కొత్త పెట్టల విషయంలో మాత్రం అత్తగారి మాటలో నిజం ఉంది. వాటికి తండ్రి ఆ పుంజే. మీరు బ్రౌన్ గుడ్లు ఏరి పొదగేశారు, బాగానే ఉంది. కానీ ఆ పెంకు రంగు చెప్పేది తల్లి గురించే. లోపలున్న పిల్లకి సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది. తండ్రి వంతు పెంకు మీద ఎక్కడా కనపడదు. నేనూ ఒకప్పుడు ఇదే పొరపాటు చేశాను. ట్రేలో అన్నిటికన్నా ముదురుగా ఉన్న పన్నెండు గుడ్లు ఏరి, వాటి మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టి మరీ పొదగేశాను. ఆరు నెలలు ఆగాక వచ్చిన గుడ్లు చూసి, గుడ్లు మార్చేశారని పొదగేసిన ఇంటివాళ్ల మీద అనుమానపడ్డాను. పుంజు ఎక్కడిదో అడగాలని మాత్రం తోచలేదు.

పుంజుతో వచ్చే ఇబ్బంది ఏంటంటే, అది గుడ్డు పెట్టదు. దాని ఒంట్లో ఏ రంగు దాగి ఉందో చూసి చెప్పడానికి దారి లేదు. డేగ, కాకి, నెమలి, సేతువ అని ఈకల రంగుని బట్టి మనవాళ్లు పుంజులకి ఎన్ని పేర్లు పెట్టినా, ఈక రంగుకీ గుడ్డు రంగుకీ లంకె లేదు. తెల్ల లెగ్‌హార్న్ అనే జాతి కోడి తెల్ల గుడ్డు పెడుతుంది, గోధుమరంగు ఈకలున్న లెగ్‌హార్న్ కూడా తెల్ల గుడ్డే పెడుతుంది. ఒళ్లంతా తెల్లగా ఉండే ప్లిమత్ రాక్ పెట్టేది బ్రౌన్. ఒంట్లో ఎముకల దాకా నలుపుండే కడక్‌నాథ్ గుడ్డు నల్లగా ఉంటుందని చాలామంది ఆశపడి అడుగుతుంటారు. అది లేత గోధుమ, మీగడ రంగుల్లోనే ఉంటుంది. చెవితమ్మె తెల్లగా ఉంటే తెల్ల గుడ్డు, ఎర్రగా ఉంటే బ్రౌన్ గుడ్డు అనే లెక్క కూడా ఒకటుంది. కొన్ని జాతుల్లో కలిసొస్తుంది, కొన్నిట్లో తప్పుతుంది. మీ దగ్గరున్న కలగలుపు మందలో దాన్ని నమ్ముకుంటే కుదరదు.

ఇక అసలు రంగు సంగతి. పెంకు అంటే దాదాపు అంతా సున్నమే. ఏ రంగూ కలవకపోతే అది తెలుపు. దానికి రంగు తెచ్చే పదార్థాలు ముఖ్యంగా రెండే. గోధుమరంగుకి ప్రోటోపార్ఫిరిన్, నీలానికి బిలివర్డిన్. గవర్నమెంట్ ఆఫీసు గోడకి సున్నం వేసి, ఆఖర్న పైన రంగు కోటు వేస్తారు చూడండి, బ్రౌన్ అలాంటిది. పెంకు కట్టడం అయిపోవచ్చే చివరి గంటల్లో పైపూతగా పడుతుంది. కావాలంటే రేపు బ్రౌన్ గుడ్డు ఒకటి కొట్టాక పెంకు లోపలి పలచటి పొరని గోటితో లాగేసి చూడండి. లోపల తెల్లగా ఉంటుంది. ఇంకో తమాషా, పెట్ట అప్పుడే పెట్టిన గుడ్డు తడి ఆరకముందు బొటనవేలితో గట్టిగా రుద్దితే ఆ చోట బ్రౌన్ చెదిరి లేతగా అవుతుంది. ఒకసారి ఆరిందంటే మాత్రం మామూలు నీళ్లకి కదలదు.

ఈ బ్రౌన్‌ని నడిపే జన్యువు ఒక్కటి కాదు, చాలా ఉన్నాయి. ఒక్కొక్కటి కాస్త కాస్త వేస్తుంది, కొన్ని తగ్గిస్తాయి కూడా. ఇళ్లలో చూడటం లేదూ? తండ్రి నలుపు, తల్లి తెలుపు, పిల్లలు నలుగురూ నాలుగు ఛాయలు. ఒకడు తండ్రి పోలిక, ఒకమ్మాయి తల్లి పోలిక, మిగిలిన ఇద్దరూ చామనఛాయలో ఎక్కడో. గుడ్ల బ్రౌన్ కూడా అంతే. ముదురు బ్రౌన్ పెట్టే తల్లికి, లేత రంగు వంశపు పుంజుని కడితే కూతుళ్ల గుడ్లు ఆ రెంటి మధ్యలో ఎక్కడెక్కడో పడతాయి. మీ నాన్నగారి పుంజు అసీల్, అంటే పందెం కోళ్ల రకం అనుకుంటున్నాను. అసీల్ పెట్టల గుడ్లు మీగడ రంగు, లేత గోధుమ. దాని తల్లీ అక్కచెల్లెళ్లూ అలాంటివే పెట్టి ఉంటాయి. అంటే మీ ఏడు పెట్టల్లో నాలుగు మీగడ రంగు పెట్టడంలో వింతేమీ లేదు. నాన్నగారికి ఫోన్ చేసి, ఆ పుంజు తల్లి ఎలాంటి గుడ్లు పెట్టేదో ఒక్క మాట అడగండి. ఆయనకి తప్పకుండా గుర్తుంటుంది, పుంజుల వంశం గుర్తు లేని గోదావరి జిల్లా మనిషిని నేనింకా చూడలేదు.

మరి ఆ తెల్లగుడ్ల పెట్ట ఎక్కడి నుంచి ఊడిపడింది అంటారా? ఇక్కడ పుంజు ఒక్కదాన్నే అనకూడదు. గ్రామప్రియ, వనరాజా లాంటివి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో వేర్వేరు వంశాలు కలిపి తయారుచేసిన సంకరజాతి కోళ్లు. మొదటి తరంలో అన్నీ ఒకేలా, చక్కగా వస్తాయి. వాటినే మళ్లీ పొదగేస్తే లోపల కలిపి ఉంచినవన్నీ విడిపోతాయి. ఒకటి అటు వంశం వైపు లాగుతుంది, ఒకటి ఇటు. తల్లి బ్రౌనే పెట్టినా, దాని దగ్గర లేత రంగు వైపు లాగే జన్యువులు కొన్ని ఉండనే ఉంటాయి. అవి, పుంజు దగ్గరవి ఒకే పిల్లలో చేరితే ఇలాంటి గుడ్డు వస్తుంది. హైబ్రిడ్ వరి విత్తనం పంటలోంచి మళ్లీ విత్తనం తీస్తే చేను ఎగుడుదిగుడుగా వస్తుందని మీ ఆయనకి తెలిసే ఉంటుంది. ఆ లెక్కే ఇది.

పెట్టల లెక్కలో తండ్రి వైపు కాస్త మొగ్గు ఉంది కూడా. మనుషుల్లో ఎక్స్, వై అంటామే, కోళ్లలో వాటిని జెడ్, డబ్ల్యూ అంటారు. పుంజుకి రెండూ జెడ్‌లే, పెట్టకి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. పెట్ట పిల్లకి తల్లి డబ్ల్యూ ఇస్తుంది, జెడ్ ఒక్కటీ తండ్రి నుంచే వస్తుంది. ఆ జెడ్ మీదున్న గుణాలన్నిటికీ కూతురు తండ్రి మీదే ఆధారపడుతుంది. అత్తగారికి ఈ పేరా చదివి వినిపించాలో వద్దో మీ ఇష్టం.

ఇప్పుడు మీ పాత పెట్టలు రెండూ. నాకు టెన్షన్ పెట్టింది ఉత్తరంలో ఆ ఒక్క వాక్యమే. వంశం వల్ల వచ్చిన రంగు ఆ పెట్ట బతికినన్నాళ్లూ ఉంటుంది, కాస్త ముదురు లేత అవుతుందే తప్ప వారంలో మారిపోదు. నిన్నటి దాకా బ్రౌన్ పెట్టిన కోడి ఇవాళ తెలుపు పెడుతోందంటే పుంజుని వదిలేసి, ఆ పెట్టనే చూడాలి. వయసు వల్ల అయితే భయం లేదు. గుడ్లు పెట్టే కాలం గడిచేకొద్దీ గుడ్డు సైజు పెరుగుతుంది, పూత పలచబడుతుంది. ఈకలు రాల్చి మళ్లీ గుడ్లకొచ్చినప్పుడు రంగు తిరిగి ముదురుతుంది. మీ గ్రామప్రియ పెట్టలకి ఏడాదిన్నర దాటి ఉంటే, రంగు నెమ్మదిగా తగ్గుతూ వచ్చి ఉంటే, బహుశా ఇదే. ఎండ దెబ్బ, కుక్క తరమడం, కొత్త కోళ్లతో కొట్లాట లాంటివి కూడా ఒకటి రెండు రోజులు పాలిపోయిన గుడ్లు పెట్టిస్తాయి. బెదిరిన పెట్ట గుడ్డుని లోపలే ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది, పైన ఇంకో పలచటి సున్నం పొర పడి, గుడ్డు విభూతి పూసినట్టు వస్తుంది.

రంగు ఉన్నట్టుండి పోవడంతో పాటు పెంకు పలచబడటం, గరుకుగా ముడతలు పడటం, తోలు గుడ్లు రావడం, గుడ్లు తగ్గిపోవడం, తుమ్ములు, గురక, పచ్చటి విరేచనాలు, వీటిలో ఏవైనా కలిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు. కొక్కెర తెగులు, అంటే రాణిఖెట్, ఇంకా బ్రాంకైటిస్ లాంటి జబ్బులు పెంకు కట్టే సంచినీ దెబ్బతీస్తాయి. వెంటనే పశువుల ఆస్పత్రికి వెళ్లండి, అనుమానమున్న వాటిని విడిగా ఉంచండి. కొత్త పెట్టలకి కొక్కెర తెగులు రాకుండా వేసే లసోటా, ఆర్‌టుబి టీకాలు పడ్డాయో లేదో కూడా చూసుకోండి. 2025 ఫిబ్రవరిలో మీ తణుకు వైపే బర్డ్ ఫ్లూ వచ్చి ఎన్ని కోళ్లు పోయాయో మీకు నేను చెప్పాలా! ఒకేసారి నాలుగైదు కోళ్లు చస్తే చెరువు గట్టున పడేయకుండా పశువైద్యుడికి చెప్పండి.

మీ ఆయన అన్న మేత విషయం. మేతతో పచ్చసొన రంగు మారుతుంది. మొక్కజొన్న, ఆకుకూరలు ఎక్కువ తింటే పచ్చసొన ముదురుతుంది. పెంకు గట్టిదనం కూడా మేత మీదే ఉంటుంది, నత్తగుల్లల పొడి ఒక చిప్పలో పోసి పెరట్లో పెట్టండి, వాటికి ఎంత కావాలో అవే తింటాయి. తెల్లగుడ్ల పెట్ట చేత బ్రౌన్ పెట్టించే మేత మాత్రం ఈ భూమ్మీద లేదు. ఒక్కటి మాత్రం అడగాలి. బ్రాయిలర్ ఫారంలో మిగిలిన దాణా ఎవరైనా ఇస్తే ఈ పెట్టలకి వేశారా? రక్త విరేచనాలు రాకుండా బ్రాయిలర్ మేతలో కలిపే మందుల్లో నైకార్బజిన్ అని ఒకటుంది. అది గుడ్లు పెట్టే కోడి తింటే బ్రౌన్ గుడ్డు కూడా తెల్లబడిపోతుంది. ఆపేస్తే కొద్ది రోజుల్లో రంగు తిరిగొస్తుంది. రెండు పెట్టలే ఆ దాణా సంచి దగ్గర మేస్తున్నాయేమో ఒకసారి చూడండి.

మీ చెల్లెలి నీలం గుడ్డు నిజమే అయి ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఇది, కొంచెం ఎక్కువే చెబుతాను. చిలీ దేశంలో మపూచే అనే ఆదివాసుల దగ్గర నీలం గుడ్లు పెట్టే కోళ్లుండేవి. స్పెయిన్‌కి చెందిన కోళ్ల నిపుణుడు సాల్వడార్ కాస్తెయో 1921లో ది హేగ్‌లో జరిగిన తొలి ప్రపంచ కోళ్ల మహాసభలో వాటి గురించి చెప్పాక యూరప్ అంతా ఆశ్చర్యపోయింది. తర్వాత ఇంగ్లండ్‌లో పన్నెట్ అనే జన్యుశాస్త్రవేత్త వాటిని మామూలు కోళ్లతో దాటించి చూసి, 1933లో లెక్క తేల్చాడు. ఇంటర్ బైపీసీ చదివిన పిల్లలెవరైనా ఉంటే అడగండి, పన్నెట్ చతురస్రం అని గళ్లు గీయించిన ఆయనే ఈయన. బ్రౌన్‌లా పది చేతులు పడే వ్యవహారం కాదిది, ఒకే ఒక్క జన్యువు. ప్రతి కోడి దగ్గరా దీనికి రెండు చీటీలుంటాయి, ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. రెంటిలో ఒక్కటి నీలం చీటీ అయితే చాలు, ఆ పెట్ట నీలం గుడ్డు పెడుతుంది. రెండూ నీలమైతే రంగు ఇంకా చిక్కగా ఉంటుంది. రెండు నీలం చీటీలున్న పుంజుని మీ పెట్టల మీదకి వదిలితే కూతుళ్లన్నీ ఆ రంగులోకే వస్తాయి. ఒక్క చీటీ ఉన్నదైతే సగం కూతుళ్లకే వస్తుంది, అదీ బొమ్మా బొరుసు లెక్కన, పదిట్లో ఐదని గ్యారంటీ లేదు.

ఆ చీటీ ఎలా పుట్టిందో 2013లో బయటపడింది. ఎప్పుడో ఒక వైరస్ కోడి జన్యువుల్లో దూరి, బయటికి పోకుండా అక్కడే కాపురం పెట్టింది. అది దూరిన చోటు పక్కనే మామూలుగా కాలేయంలో పనిచేసే ఒక జన్యువు ఉంది. వైరస్ ముక్క వచ్చి చేరాక అది పెంకు కట్టే సంచిలో కూడా పనిచేయడం మొదలెట్టింది, పైత్యరసానికి సంబంధించిన బిలివర్డిన్ పెంకులోకి చేరింది. చైనాలో డాంగ్‌షియాంగ్, లుషీ అనే కోళ్లు కూడా నీలం గుడ్లే పెడతాయి. వాటిలోనూ అదే రకం వైరస్, కానీ దూరిన చోటు కాస్త వేరు. అంటే చిలీ కోళ్లకీ చైనా కోళ్లకీ ఈ రంగు ఎవరిది వాళ్లకే విడివిడిగా వచ్చింది. కోళ్లకి వైరస్ అంటే గుండె గుభేలుమనే మన ప్రాంతంలో, ఒక వైరస్ పుణ్యాన గుడ్డుకి ఆకాశం రంగు వచ్చిందంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

నీలం పైపూత కాదు. పెంకు కడుతున్నంతసేపూ సున్నంతో పాటే కలుస్తుంది కాబట్టి లోపలా బయటా అదే రంగు. మీ చెల్లెల్ని వీడియో కాల్‌లో పెంకు పగలగొట్టి, లోపలి పొర తీసి చూపించమనండి. లోపల కూడా నీలమైతే రంగేసింది కాదు. ఆకుపచ్చ గుడ్లు కూడా వస్తున్నాయని ఆమె అంటే నమ్మండి, అది నీలం పెంకు మీద బ్రౌన్ పూత పడితే వచ్చేది. ఆలివ్ రంగు గుడ్ల కోసం అక్కడి వాళ్లు బాగా ముదురు బ్రౌన్ పెట్టే మారన్స్‌ని నీలం గుడ్ల జాతితో కావాలనే కలుపుతారు.

మీ దాకా ఇంకో మాట కూడా వచ్చి ఉంటుంది, తల మీద బఠాణీ జుట్టు, అంటే బఠాణీ గింజల వరసల్లా ఉండే పొట్టి ఎర్ర జుట్టు ఉన్న కోడైతే నీలం గుడ్లు పెడుతుందని. చిలీ వంశపు కోళ్లలో అది చాలావరకు నిజం, ఎందుకంటే బఠాణీ జుట్టు జన్యువూ నీలం జన్యువూ ఒకే క్రోమోజోము మీద పక్కపక్క ఇళ్లు, చాలాసార్లు కలిసే ప్రయాణం చేస్తాయి. కానీ మన అసీల్ పుంజుల జుట్టు కూడా బఠాణీ రకమే! పక్కింట్లో నీలం జన్యువు లేదు, అంతే. ఎవరైనా పుంజు తల చూపించి నీలం గుడ్ల వంశం అని ఐదువేలు అడిగితే దండం పెట్టి వచ్చేయండి.

ఇక తెచ్చుకోవడం. చెల్లెలు వచ్చేటప్పుడు సూట్‌కేసులో చీర మడతల మధ్య పొదిగే గుడ్లు పెట్టి తేవాలన్న ఆలోచన ఉంటే మానేయండి. ప్రభుత్వ అనుమతి, ఆరోగ్య పత్రం లేకుండా అలా తేవడం నేరం. దానికన్నా, ఒక్క గుడ్డుతో వచ్చే రోగం మీ మండలంలో ఫారాలన్నిటినీ ముంచగలదు.

మాస్టారి మాట దగ్గరికి వద్దాం. మీ బాధ నాకు అర్థమైంది. ఆయన అనుమానం పూర్తిగా అర్థం లేనిదేమీ కాదు, మీ వైపు ఫారాల్లో ఉండేవి బీవీ 300 లాంటి లెగ్‌హార్న్ వంశపు కోళ్లు. తక్కువ తిని ఎక్కువ పెడతాయి, అందుకే అవి, అందుకే షాపుల్లో అంతా తెలుపు. అలా తెలుపు అంటే ఫారం, బ్రౌన్ అంటే నాటు అని జనం మనసులో ముద్రపడిపోయింది. బ్రౌన్ గుడ్లు పెట్టే ఫారం కోళ్లు కూడా ఉన్నాయి, తెల్ల గుడ్లు పెట్టే పెరటి కోళ్లూ ఉన్నాయి. పెంకు రంగు వల్ల గుడ్డులో బలం పెరగదు, తరగదు.

ఈ ముద్రని సొమ్ము చేసుకుందామని తెల్ల గుడ్లని టీ డికాక్షన్‌లో ముంచి నాటు గుడ్లని అమ్మేవాళ్లున్నారు. ఎవరైనా మీకు ఆ సలహా ఇస్తే వినకండి. మోసం సంగతి అటుంచి, తడిపితే గుడ్డు మీద సహజంగా ఉండే పలచటి రక్షణ పూత పోతుంది, పెంకు రంధ్రాల్లోంచి క్రిములు లోపలికి పోతాయి. అలాగే వెనిగర్‌తోనో నిమ్మరసంతోనో రుద్ది రంగు పోతే నకిలీ అని చూపించే వీడియోలున్నాయి కదా, వాటినీ నమ్మకండి. పులుపు తగిలితే సున్నం పైపొర కరుగుతుంది, అసలైన బ్రౌన్ కూడా దాంతో పాటే పోతుంది. మాస్టారు ఆ వీడియో చూసి మీ గుడ్డు మీద ప్రయోగం చేస్తే మీరు అన్యాయంగా దొరికిపోతారు.

దానికి బదులు ఒక పని చేయండి. ఏ పెట్ట ఏ గుడ్డు పెడుతోందో ముందు మీకే కచ్చితంగా తెలియాలి. పొద్దున్నే గుడ్డున్న పెట్టల్ని వేలితో చూసి పట్టుకుని, ఒక్కొక్క దాన్నీ ఒక్కో గంప కింద మూయండి, లోపల కాస్త గడ్డి వేసి, నీళ్ల చిప్ప పెట్టండి. పెట్టగానే గుడ్డు మీద పెన్సిల్‌తో గుర్తు వేయండి, పెట్ట కాలికి అదే గుర్తుతో రంగు దారం కట్టండి. వారం రోజులు చేస్తే చాలు. ఆ వారంలో ఒక పొద్దున మాస్టారిని పిలిచి, ఆ తెల్లగుడ్ల పెట్ట ఉన్న గంప ఆయన చేతే ఎత్తించండి. వెచ్చటి గుడ్డు చేతిలోకొచ్చాక ఇంకేం మాట్లాడతారు? ఆ తర్వాత నుంచి రంగులు విడదీసి అమ్మకండి, ఒకే ట్రేలో అన్నీ కలిపి పెట్టండి. తెల్లటివి పక్కకి తీసి తగ్గించి అమ్మితే అనుమానాన్ని మీరే ఒప్పుకున్నట్టు అవుతుంది.

రేపటి తరంలో బ్రౌన్ కావాలంటే పని పుంజు దగ్గర మొదలవ్వాలి. కాలికి దారాలు కట్టారు కదా, వాటిలో అన్నిటికన్నా ముదురు పెట్టే రెండు మూడు పెట్టల గుడ్లే పొదగేయండి. వాటి కొడుకుల్లోంచి పుంజుని ఉంచండి, ఆ పుంజుని తల్లి మీదకీ తోడబుట్టిన పెట్టల మీదకీ వదలకుండా వేరే పెట్టలతో కట్టండి. దాని కూతుళ్ల గుడ్లు చూశాకే ఆ పుంజు మంచిదో కాదో తేలుతుంది, అంటే దాదాపు ఏడాది. మూడు నాలుగు తరాలకి తేడా బాగా కనపడుతుంది. ఒక జాగ్రత్త, పుంజుని మార్చాక కనీసం మూడు వారాలు ఆగి, ఆ తర్వాత పెట్టిన గుడ్లే పొదగేయండి. పాత పుంజు వీర్యం పెట్ట ఒంట్లో రెండు వారాల పైన కూడా పనిచేస్తుంది. ఇంత ఓపిక లేదంటే రెండేళ్లకోసారి గ్రామప్రియ పిల్లల్ని కొత్తగా కొనుక్కోవడం తేలిక, అందులో తప్పేమీ లేదు. వాటికి పొదిగే బుద్ధి తక్కువ కాబట్టి పొదిగించడానికి మీ నాటు పెట్టలు ఎలాగూ ఉన్నాయి.

నన్నడిగితే ఆ డేగ పుంజుని మాత్రం అమ్మొద్దు. అసీల్ రక్తం కలిసిన పెట్టలు గుడ్లు తక్కువ పెట్టినా పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని గద్దకి ఎదురు తిరుగుతాయి. పెరట్లో పెంచేవాళ్లకి రంగు కన్నా అది ముఖ్యమని నా ఉద్దేశం. తెల్లగుడ్ల పెట్టనీ ఉంచండి, ఏడింటిలో అదే ఎక్కువ పెడుతోందేమో లెక్క చూడండి, తల్లి వైపు నుంచి లెగ్‌హార్న్ రక్తం ఏమైనా వచ్చి ఉంటే, అలాంటి పెట్టలు చాలాసార్లు అలా ఉంటాయి.

చెల్లెలి ఫోటో అత్తగారికి చూపించేటప్పుడు మాత్రం, ఆ రంగు మీ పుట్టింటి పుంజు వల్ల రాదని ముందే చెప్పి చూపించండి.